ఎవరి చేతికి ఏ పని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జట్టుగా పనిచేయడంలో ఎదురయ్యే చిక్కుల గురించి రాయమని కిందటి సంచికలో కోరాము. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో మహిళా సంఘాలవారు ఉన్నారు, దుకాణదారులు ఉన్నారు, కర్మాగార ఉద్యోగులు ఉన్నారు. అందరి బాధా దాదాపు ఒక్కటే: మనుషులు మంచివారే, కష్టపడుతున్నారు, అయినా పని సాగడం లేదు. ఈ జిల్లాల పల్లె శాఖలలో ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసి, వందలాది సంఘాల సమావేశాలలో కూర్చున్న అనుభవంతో, నాకు తెలిసినంత మేరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది గోపాలపూర్ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. పన్నెండు మంది ఆడవాళ్లం మిషన్ శక్తి (ఒడిశా ప్రభుత్వపు మహిళా సంఘాల పథకం) కింద సంఘం పెట్టుకుని ఎండు చేపల వ్యాపారం చేస్తున్నాం. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ కాకూడదని లెక్కలు రాయడం, బ్యాంకుకు వెళ్లడం, బరంపురం బజారులో అమ్మడం, చేపలు ఎండబెట్టడం నెలకొకరికి చొప్పున తిప్పుతున్నాం. ఇప్పుడు లెక్కలలో తప్పులు వస్తున్నాయి, సరుకుకు ధర రావడం లేదు, మాలో మాకు కోపాలు పెరిగాయి. మా పెద్దమ్మ ఒకామె చదువుకోలేదు. బ్యాంకు వంతు వస్తే రెండు రోజుల ముందు నుంచే అన్నం సహించదు. సమానంగా ఉండాలనుకోవడం తప్పా?
(ఒక పాఠకురాలు, గంజాం జిల్లా)

జవాబు: అమ్మా, తప్పు కాదు. మీ సంఘానికి అదే పునాది. అయితే మీరు సమానత్వాన్ని పనిలో వెతుకుతున్నారు, అది ఉండవలసిన చోటు మాటలోను, వాటాలోను. పన్నెండు మందికీ సమావేశంలో ఒకే విలువ, లాభంలో ఒకే లెక్క, అప్పు అడగడానికి ఒకే హక్కు ఉన్నంతకాలం మీరు సమానులే. ఒకరు పుస్తకం రాసి ఇంకొకరు చేపలు ఎండబెట్టినంత మాత్రాన ఆ సమానత్వానికి లోటు రాదు. చేతకాని పని నెత్తిన పెట్టి, అది చెడిపోయాక నలుగురిలో నిలదీస్తే మాత్రం ఆ మనిషి ఆ రోజు నుంచి తనను తాను తక్కువగా చూసుకోవడం మొదలుపెడుతుంది. మీ పెద్దమ్మగారికి అన్నం సహించకపోవడం అదే.

ఛత్రపూర్ వైపు ఒక సంఘంలో నేను చూసిన సంగతి చెబుతాను. ఇసుకలో పాత వల పరిచి నెత్తళ్లు ఆరబోశారు. ఆ పక్కనే పాక నీడలో సమావేశం. రాసే అమ్మాయి పుస్తకం తెరిచి ఎవరు ఎంత బాకీ ఉన్నారో చదువుతున్నది. వెనక కూర్చుని చేపలలోని చెత్త ఏరుతున్న ఒక ముసలామె తల కూడా ఎత్తకుండా, “అది కాదమ్మా, గంగమ్మ రెండు వందలు కట్టింది గదా, పండగకు ముందు వారం” అన్నది. పుటలు వెనక్కి తిప్పి చూశాము. రెండు వందలు జమ రాసి ఉన్నది, కాని ముందుకు తేవడం మరిచిపోయారు. నాకు ఆశ్చర్యం వేసి మరో నలుగురి లెక్కలు అడిగాను. వేళ్లు ముడుచుకుంటూ ఒక్కటీ తప్పు లేకుండా చెప్పింది. అక్షరం ముక్క రాని ఆ మనిషి దగ్గర సంఘం ఆరేళ్ల లెక్క భద్రంగా ఉన్నది, కాని ఆ సంఘం ఆమెకు అప్పగించిన పని చెత్త ఏరడం. ఆ రోజు నేను ఇచ్చిన సలహా ఒక్కటే: రాసే అమ్మాయి పక్కన ఈమెను కూర్చోబెట్టండి, రాత ఒకరిది, జ్ఞాపకం ఒకరిది. ఆ తరువాత ఆ సంఘం పుస్తకాలు తనిఖీ చేయడానికి నాకు అరగంట కంటె ఎక్కువ పట్టలేదు.

మీరు కూడా వంతులు ఒక రెండు నెలలు ఆపి, ఊరికే గమనించండి. ఎవరు ఏ పనిని ఎవరూ చెప్పకుండానే అందుకుంటున్నారు, ఏ పనికి మిగిలినవారు ఎవరి దగ్గరకు పోతున్నారు, ఎవరు ఏ పని పూర్తయ్యాక అలసటగా కాక హుషారుగా కనిపిస్తున్నారు అన్నవి చూడండి. “నీకు ఏం వచ్చు?” అని అడిగితే మన ఆడవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది “నాకేం వచ్చమ్మా” అంటారు. అందుకని ఆ మనిషిని అడగవద్దు, పక్కవారిని అడగండి. “బేరం ఆడాలంటే ఎవరిని పంపుదాం?” అనగానే నలుగురూ ఒకరి మొహం వైపే చూస్తారు. ఆమె ఎవరో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పుస్తకం, బ్యాంకు పని ఎప్పటికీ ఒకరి చేతిలోనే ఉంటే కొన్నాళ్లకు సంఘం ఆమె చెప్పినట్టు నడుస్తుంది. ఆమె మంచిదైనా కాకపోయినా అది జరుగుతుంది. మంచి నేర్పుగల రాతగత్తె చేతిలోనే కూలిపోయిన సంఘాలను నేను చూశాను. సంఘాలకు శిక్షణలో చెప్పే పంచసూత్రాలు మీకు కంఠపాఠమే: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, సరైన పుస్తకాలు. ఐదవదాని అర్థం పుస్తకం అందంగా రాయడం ఒక్కటే అనుకోవద్దు. ప్రతి సమావేశంలోను లెక్క బిగ్గరగా చదవాలి, అందరూ వినాలి. పని నేర్పుగలవారికి ఇవ్వండి, తనిఖీ అందరి దగ్గరా ఉంచుకోండి. ప్రతి పనికీ ఒకరు చేసేవారు, ఒకరు పక్కన నేర్చుకునేవారు ఉంటే, ఒకరికి జ్వరం వచ్చినా పని ఆగదు. ఎవరికీ ఇష్టంలేని పనులు, గోనెలు కడగడం వంటివి, మీ పాత పద్ధతిలో వంతులకే వదలండి. అక్కడ వంతులే న్యాయం.

మీ పెద్దమ్మగారి విషయంలో తొందరపడి “ఆమెకు బ్యాంకు పని చేతకాదు” అని రాసిపెట్టుకోవద్దు. మా కౌంటరు దగ్గరి ఫారాలు ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉండేవి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బజారులో నాలుగు ఒడియా మాటలతో నెట్టుకొచ్చే మనిషికి ఆ కాగితం, దాని వెనక కూర్చున్న మాలాంటివారి విసుగు భయం కలిగించాయంటే అందులో ఆమె తప్పు ఏమున్నది? ఆ బల్ల అవతల నేనే ఉన్నాను కనుక చెబుతున్నాను. ఆమెను ఒంటరిగా పంపకండి. బేరమాడే ఆమెతో ఒకసారి ఊరికే తోడు పంపండి. భయం పోయాక ఆమె ఏ పనికి పనికివస్తారో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: బరంపురంలో మాకు పట్టుచీరల దుకాణం ఉన్నది. ఏడుగురు పనివారు. వారిలో ఒక గుమాస్తా పదిహేనేళ్లుగా మా దగ్గర ఉన్నాడు. ఆయన చీర మడత విప్పితే కొనకుండా లేచిపోయేవారు అరుదు. నాకు వయసు మీద పడి ఆయననే మేనేజరును చేశాను. ఎనిమిది నెలలలో ఇద్దరు కుర్రవాళ్లు మానేశారు, సరుకు లెక్క తేలడం లేదు, ఆయన కూడా డీలాపడ్డాడు. తీసివేయలేను, అలాగే ఉంచలేను.
(ఒక దుకాణదారు, బరంపురం)

జవాబు: మీరు చేసిన పొరపాటు లోకంలో చాలామంది చేసేదే. పని బాగా చేసినవారికి ఇంకొక పని బహుమానంగా ఇస్తాము, ఆ రెండవ పనికి కావలసిన నేర్పు వారిలో ఉన్నదో లేదో చూడము. లారెన్స్ పీటర్ అనే ఆయన 1969లోనే ఈ ధోరణిని ఎత్తి చూపారు: మనుషులు తమకు చేతకాని మెట్టు ఎక్కేవరకు పైకి ఎక్కిస్తూనే ఉంటారని. అది అప్పట్లో వ్యంగ్యంగా చెప్పిన మాట అనుకున్నారు. 2019లో ముగ్గురు ఆర్థిక శాస్త్రవేత్తలు అమెరికాలోని 214 కంపెనీలలో సుమారు 53 వేల మంది అమ్మకాల సిబ్బంది వివరాలు పరిశీలించి, అది నిజంగానే జరుగుతున్నదని చూపించారు. బాగా అమ్మేవారికే పై పదవి దక్కుతున్నది, తీరా వారు పైకి వెళ్లాక వారి కింద పనిచేసేవారి అమ్మకాలు తగ్గుతున్నాయి. ఇతరులతో కలిసి అమ్మిన అనుభవం ఎక్కువగా ఉన్నవారు మేనేజర్లుగా మెరుగ్గా రాణించారు, కాని పదవి ఇచ్చేటప్పుడు కంపెనీలు ఆ గుణాన్ని అంతగా లెక్కలోకి తీసుకోలేదు.

మీ గుమాస్తాను నేను చూడలేదు, కాని ఆయన వంటివారిని చూశాను. పరుపు మీద తెల్ల దుప్పటి, ఎదురుగా తల్లీకూతుళ్లు, ఆయన చేయి ఒక్క విసురుతో చీరను పరిచి, కుంభాల అంచును వేలితో మెల్లగా తడిమి, ధర మాట ఎత్తకుండా “ఈ రంగు మీ అమ్మాయికి ఎంత బాగుందో ఒకసారి అద్దంలో చూడండమ్మా” అంటాడు. ఆ మనిషి బలమంతా ఎదుటి మనిషి మనసు ఆ క్షణంలో పట్టుకోవడంలో ఉన్నది. సరుకు చిట్టా రాయడం, ఆలస్యంగా వచ్చిన కుర్రవాణ్ని మందలించడం, ఎవరికి ఏ రోజు సెలవో చూసుకోవడం వేరే జాతి పనులు. వాటిలో ఆ క్షణం రాదు.

మీ ఊరి మగ్గాల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఒడలు ఒక రంగు, అంచు ఇంకో రంగు నేసేటప్పుడు మూడు నాడెలు నడుస్తాయి, పక్కన సాయానికి ఇంకొకరు కూర్చోవాలి. నేతలో గొప్ప చేయి ఉన్నవాడే ఇరవై మగ్గాలకు నూలు పంచి, నేసిన చీరలు సరిచూసి, కూలి లెక్క తేల్చగలడని ఎవరూ అనుకోరు. ఆ పని చూసేవారిని వేరే పెట్టుకుంటారు, అయినా నేతగాడి గౌరవం తగ్గదు. దుకాణానికి వచ్చేసరికి మాత్రం మనం ఈ తెలివిని మరిచిపోతాము.

ఇప్పుడు చేయవలసినది ముందుగా ఆయనతో ఒంటరిగా మాట్లాడడం. దుకాణంలో కాదు, మీ ఇంట్లో, కాఫీ తాగుతూ. “నిన్ను తప్పు పని మీద పెట్టినవాణ్ని నేను” అని మీ నోటితో మీరే అనండి. అది నిజం కూడాను. జీతం ఒక్క రూపాయి తగ్గించకుండా ఆయనను తిరిగి చీరలు చూపే గద్దె మీదికి తీసుకురండి. కొత్త కుర్రవాళ్లకు అమ్మకం నేర్పే బాధ్యత ఆయనకు ఇవ్వండి, పదవి పేరు కావాలంటే దానికే పెట్టండి. మన ఊళ్లలో పదవి పోయిందన్న మాట ఇంటిదాకా, వియ్యంకుల దాకా పోతుంది కనుక ఈ పేరు విషయం చిన్నదిగా చూడవద్దు. ఇక మేనేజరు పనికి మిగిలినవారిలో చూడండి. చీర ఎక్కడ ఉందో గుర్తులేనప్పుడు అందరూ అడిగేది ఎవరిని? ఇద్దరు తగవు పడితే మధ్యలోకి వెళ్లేది ఎవరు? బహుశా అమ్మకంలో అంత పేరు లేని మనిషే అయి ఉంటారు.

ప్రశ్న: నేను రాయగడ జిల్లాలో ఒక కర్మాగారంలో షిఫ్టు ఇన్‌చార్జిని. మా కంపెనీవారు అందరిచేత కంప్యూటరులో ఒక పరీక్ష రాయించి, ఒక్కొక్కరికి ఐదు ‘బలాలు’ ఉన్నాయని కాగితం ఇచ్చారు. దాన్నిబట్టి జట్టును నడపమంటున్నారు. ఇది ఎంతవరకు నమ్మదగినది?
(ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: ఆ కాగితం వెనక ఉన్న ఆలోచన మంచిది, దాని పుట్టుక తెలుసుకుంటే మీకు ఉపయోగపడుతుంది. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన డొనాల్డ్ క్లిఫ్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన రంగమంతా మనిషిలో ఏం చెడింది అన్నదాని మీదే నడుస్తున్నదని గమనించి, ఏం బాగుందో చూస్తే ఎలా ఉంటుందని అడిగారు. ఆయన తయారుచేసిన పరీక్షలో బలాలు 34 రకాలు. మీకు వచ్చిన ఐదు బహుశా ఆ రకపు పట్టీలోనివి. 2004లో క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి వేరొక పట్టీ తయారుచేశారు. అందులో ధైర్యం, కృతజ్ఞత, న్యాయబుద్ధి వంటి 24 గుణాలు ఉన్నాయి. ఈ పట్టీలకన్నా చాలా ముందే, సంస్థల నిర్వహణ మీద పుస్తకాలు రాసిన పీటర్ డ్రకర్ ఒక మాట చెప్పారు: సంస్థ ఉన్నదే మనుషుల బలాలను పనికి పెట్టి, వారి లోపాలు పనికి అడ్డుపడకుండా చూడడానికని. నా మట్టుకు నాకు, ఈ విషయంలో వచ్చిన మాటలన్నిటిలోను ఇదే గట్టిది.

అయితే ఆ పరీక్ష మనిషి తన గురించి తాను చెప్పుకున్న జవాబులతో తయారవుతుంది. తన గురించి తనకు తెలియనిది అందులోకి రాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ తరువాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, డబ్బు కోసం జనం శాఖ ముందు బారులు తీరారు. మా శాఖలో అన్నిటా ముందుండే అధికారి ఒకరు ఆ గుంపును చూసి చేతులు కదలక కూర్చుండిపోయారు. కాగితాలు అందించే అటెండరు, అంతకుముందు ఎవరూ అభిప్రాయం అడగని మనిషి, బయటికి వెళ్లి ముసలివాళ్లను ఒకవైపు, పసిపిల్లల తల్లులను ఒకవైపు కూర్చోబెట్టి, ఒడియాలోను తెలుగులోను ఒక్కొక్కరికి సంగతి చెబుతూ ఆ మూడు రోజులూ ఒక్క తోపులాట లేకుండా గడిపాడు. పదేళ్లుగా రోజూ ఆయన చేతి టీ తాగినవాణ్ని, నాకు తెలియలేదు. ఏ పరీక్షా ఆయనచేత ఎవరూ రాయించలేదు కూడా.

కాబట్టి ఆ కాగితాన్ని మాట మొదలుపెట్టడానికి వాడుకోండి. “నీకు ఇది బలమని వచ్చింది, నీకు నిజమనిపిస్తోందా, ఎక్కడ వాడావు?” అని ఒక్కొక్కరితో పావుగంట కూర్చోండి. షిఫ్టులు వేసేటప్పుడు మాత్రం యంత్రం దగ్గర మీ కళ్లతో చూసినదానికే పెద్దపీట వేయండి. ఇంకొక సంగతి. బలం కూడా అతి అయితే చెడుతుంది. రాబర్ట్ కాప్లాన్, రాబర్ట్ కైజర్ అనే ఇద్దరు ఈ విషయం మీదే పరిశోధన చేశారు. జాగ్రత్త ఎక్కువైన మనిషి నిర్ణయం తీసుకోలేడు, చొరవ ఎక్కువైన మనిషి పక్కవాడి మాట వినడు. యంత్రాల మధ్య పనిచేసే చోట భద్రతా నియమాలు ఎవరి బలానికీ సంబంధించినవి కావు. హెల్మెట్ పెట్టుకోవడం తన స్వభావంలో లేదని ఎవరైనా అంటే ఆ మాట వినవలసిన పని లేదు.

ప్రశ్న: మా బడిలో ఒక మాస్టారు లెక్కలు చెప్పడంలో సాటిలేనివారు. కాని తోటి ఉపాధ్యాయులను పిల్లల ముందే హేళన చేస్తారు. మనిషిలోని మంచిని చూడాలంటారు గదా, ఊరుకోవాలా?
(ఒక ప్రధానోపాధ్యాయుడు, గజపతి జిల్లా)

జవాబు: ఊరుకోవద్దు. చేతకానితనం వేరు, నడవడి వేరు. ఆయనకు బొమ్మలు వేయడం రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చి సర్దుకోవచ్చు. మనిషిని అవమానించడం అలా సర్దుకునే లోపం కాదు, ఎందుకంటే దాని ఖరీదు ఆయన కట్టడం లేదు, మిగిలిన నలుగురూ కడుతున్నారు. హార్వర్డులో బోధించే ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, తప్పు ఒప్పుకున్నా, సందేహం అడిగినా నవ్వులపాలు కామన్న ధైర్యం ఉన్న జట్లే నేర్చుకుంటాయని తేల్చారు. మీ బడిలో ఆ ధైర్యాన్ని ఒక్క మనిషి తినేస్తున్నారు. ఆయన లెక్కల నేర్పును మనసారా మెచ్చుకోండి, అదే రోజు, వేరుగా, ఈ మాట కూడా చెప్పండి. రెండింటినీ “మీరు గొప్పవారే, కానీ” అని ఒకే వాక్యంలో కుట్టవద్దు. అలా కుడితే మొదటి సగం ఆయన నమ్మరు, రెండవ సగం వినరు.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి కొండ ఊళ్లకు వెళ్లి చింతపండు, జీడిపిక్కలు, కందులు కొనుగోలు చేస్తాం. ఆరుగురు కుర్రవాళ్లు. అందులో ఒక సవర యువకుడు ఉన్నాడు. ఒడియా, తెలుగు రెండూ తడబడుతూ మాట్లాడతాడు. మంచి ఒళ్లు కనుక, అతని బలం అదే కదా అని మూటలు ఎత్తడానికి పెట్టాను. ఈ మధ్య మానేస్తానంటున్నాడు. ఎక్కడ పొరపాటు జరిగింది?
(ఒక వ్యాపారి, పర్లాకిమిడి)

జవాబు: మీరు నిజాయతీగా రాశారు, నేను కూడా అలాగే రాస్తాను. మీరు చూసినది అతని బలాన్ని కాదు, అతని తెగను, ఒంటిని చూసి మీకు ముందే ఉన్న ఊహను. ‘బలాన్నిబట్టి పని’ అనే మాటకు ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. ఆడవాళ్లకు ఓర్పు బలమని టీ పెట్టిస్తాము, కొండవాళ్లకు కండ బలమని మూట మోయిస్తాము, ఫలానా ఇంటివారికి లెక్క బలమని పెట్టె అప్పగిస్తాము, అదంతా పాత అలవాటుకు కొత్త పేరు. ఒక మనిషి బలం ఆ మనిషి చేసిన పనిలో కనిపించాలి, పుట్టిన ఇంట్లో కాదు.

మీరు ఉన్న ఊరిలోనే దీనికి సాక్ష్యం ఉన్నది. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయులుగా వచ్చారు. కొండ దిగి వచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఊళ్లో చాలామందికి అది అర్థంకాని గోల. ఆయన ఆ భాష తెలిసినవారిని పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అంత పండితుడు ఒక అక్షరం కోసం సవరల ఎదుట శిష్యుడిగా కూర్చున్నారు. ఆ పనిలో గురువులు వారే.

ఇప్పుడు మీ జట్టును చూడండి. మీ వ్యాపారం అంతా ఆధారపడినది కొండ ఊళ్ల రైతుల నమ్మకం మీద. ఆ రైతుల ఇంటి భాష సవర, అది మీ ఆరుగురిలో ఒక్కడికే వచ్చు. అతనిచేత మూటలు మోయిస్తూ, ఆ భాష రాని ఐదుగురిచేత బేరాలు చేయిస్తున్నారు. తడబడుతున్నాడని మీరనుకున్నది మీ భాషలో, తన భాషలో అతను ఎలా మాట్లాడతాడో మీరు ఎప్పుడైనా విన్నారా? వచ్చే సంతకు అతన్ని తక్కెడ దగ్గర నిలబెట్టండి. తూకం ఎంత, ధర ఎంత, ఎందుకు అంత అన్నది రైతుకు అతనే చెప్పాలి. కూలి కూడా ఆ పనికి తగ్గట్టు మార్చండి. బాధ్యత మార్చి కూలి మార్చకపోతే అది మోసమే అవుతుంది. అతను బేరంలో రాణించకపోవచ్చు, అది కూడా జరుగుతుంది. అప్పుడు ఇంకొకటి చూడవచ్చు. కాని మానేస్తానన్న మనిషిని ఆపడానికి ముందు “నీకు ఏ పని చేయాలని ఉంది?” అని ఒకసారి అడగండి. ఇన్నాళ్లలో అతన్ని ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

ప్రశ్న: నా వయసు 26. జయపురంలో మా రైసుమిల్లు నాన్నగారి తరువాత నేను చూసుకుంటున్నాను. యంత్రం నడిపే ఆయనను చిన్నప్పటి నుంచి మావయ్యా అని పిలుస్తాను. ఆయన నన్ను ఇప్పటికీ పాపా అంటారు. నేను ఏ మార్పు చెప్పినా నవ్వి ఊరుకుంటారు. పెద్దవారికి పని చెప్పడం ఎలా?
(ఒక పాఠకురాలు, జయపురం)

జవాబు: మావయ్యా అని పిలవడం మానవద్దు, పాపా అంటే బాధపడవద్దు. ఆ రెండు పిలుపుల మధ్య మీకు ఉన్న చనువు కొత్త మేనేజరు ఎవరికీ దొరకదు. ఆయన నవ్వుతున్నది మీ వయసును చూసి కాకపోవచ్చు. మార్పు చెప్పేముందు తనకు తెలిసినదేమిటో మీరు అడగలేదన్న చిన్న నొప్పి కావచ్చు. ముప్పై ఏళ్లు ఒకే యంత్రం దగ్గర నిలబడిన మనిషి దాని చప్పుడులో తేడా వచ్చిందంటే నూక ఎందుకు పెరుగుతున్నదో చెప్పగలడు. అది ఏ పుస్తకంలోను రాసి లేదు, ఆయన తరువాత మీ మిల్లులో ఉండదు కూడా.

మీకు వచ్చినవి వేరే ఉన్నాయి. ధాన్యం మండీల టోకెన్లు, ఆన్‌లైను నమోదు, బ్యాంకు, పన్ను లెక్కలు మీ నాన్నగారి కాలంలో ఈ రూపంలో లేని పనులు. వాటిలో మావయ్య మీ మీద ఆధారపడతారు, యంత్రంలో మీరు ఆయన మీద. ఈ సంగతి ఇద్దరూ ఒకరితో ఒకరు పైకి అనుకోవడం మంచిది. మార్పును “ఇలా చేయండి” అని చెప్పకుండా, నూక ఎంత వస్తున్నదో రోజూ గోడ మీద ఒక పలకపై రాయించండి. ఆ అంకె ఎందుకు పెరిగిందో, ఎలా తగ్గించాలో ఆయననే అడగండి. ఒక కుర్రవాణ్ని ఆయన పక్కన నేర్చుకోవడానికి పెట్టండి, ఎవరిని పెట్టాలో ఎంపిక ఆయనకే వదలండి.

రేపు ఉదయం మిల్లు తిరగడం మొదలైనప్పుడు ఆయన పక్కన వెళ్లి నిలబడి, “మావయ్యా, ఈ చప్పుడులో మీకు ఏం వినబడుతోంది?” అని అడగండి. ఆయన చెప్పడం పూర్తయ్యేవరకు ఫోను ఆఫీసు బల్ల మీదే ఉండనివ్వండి.